గర్భాశయపు లోపొర పలుచనైనప్పుడు

సంతానము కొరకు చికిత్స పొందుచున్న స్త్రీ స్కానింగు గదినుండి వెలుపలికి వచ్చునప్పుడు చేతికిచ్చు కాగితములో అనేకమైన కొలతలుండును. అండాశయముల పరిమాణము, పెరుగుచున్న అండములెన్ని, ఏది ఎంత పెద్దదైనది – ఇవన్నియు వ్రాసిన తరువాత ‘ఎండోమెట్రియం’ అను మాటయు, దాని ప్రక్కన మిల్లీమీటర్లలో ఒక అంకెయు కనబడును. ఆ అంకె 8 గాని 9 గాని అయినచో డాక్టరుగారు దానినిగూర్చి ఏమియు అనరు. 5 అయినచో మాత్రము, ‘లైనింగు పెరుగలేదమ్మా, ఈ నెల పిండము పెట్టలేము’ అందురు. ఆ ఒక్క మాటతో నెలరోజుల సూదులు, మందులు, సెలవులు, అప్పుచేసి తెచ్చిన డబ్బు అన్నియు నీటిపాలైనట్లు తోచును.

తిరుమలగిరినుండి మాకు వచ్చిన ఒక ఉత్తరము ఈ ప్రసంగమునకు ప్రేరణ. సికింద్రాబాదు దండుప్రాంతములో మిలిటరీ ఆసుపత్రి ఉన్న పేట అది. అచటి కుటుంబములలో భర్త ఒకచోట, భార్య ఒకచోట ఉండుట సాధారణము. సెలవు దొరికిన నెలలోనే వైద్యము ముగియవలెనను తొందరయు సహజమే. వ్రాసినది ఒక అత్తగారు. కుమారుడు సైన్యములో ఉద్యోగి. ‘మా కోడలికి గర్భసంచి పొర పలుచగా ఉన్నదని రెండు పర్యాయములు వెనుకకు పంపినారు. పొర పెరుగుటకు ఏమి తినిపించవలెనో చెప్పగలరు’ అని ఆమె అడిగినారు. ప్రశ్నలో కోడలిపై వాత్సల్యము ఉన్నది. కాని ఈ విషయమున తిండి కడపటి సంగతి. అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: పొర పలుచనైనది ఎందువలన?

గర్భాశయపు గోడలు మందమైన కండరముతో ఏర్పడినవి. వాని లోపలివైపున, కోటుకు కుట్టుపనివారు వేయు అస్తరు వలె, మెత్తని పొర ఒకటి పరచుకొని ఉండును. ఇదియే ఎండోమెట్రియము. అయితే కోటు అస్తరు ఒకసారి వేసినది చిరుగువరకు అట్లే ఉండును. ఈ అస్తరు నెలనెలకు క్రొత్తది. ఇందులో రెండంతస్తులున్నవి. కండరమును అంటిపెట్టుకొని ఉండునది అడుగుపొర. అది ఎన్నడును రాలదు. దానిమీద పెరుగునది పైపొర. ముట్టు సమయమున రక్తముతోపాటు రాలిపోవునది ఇదియే. గరికను పైపైన కోసినచో నాలుగు దినములలో మరల చిగుర్చును, వేరు భూమిలో ఉన్నది కనుక. ఈ పైపొరకు అడుగుపొరయే వేరు. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. తరువాత చెప్పబోవు సంగతులకు ఇది ఆధారము.

ముట్టు ముగియునాటికి ఆ పొర మందము రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. అండాశయములో అండము పెరుగుచున్న కొలది ఈస్ట్రోజెన్ అను హార్మోను రక్తములో హెచ్చును. దాని ప్రేరణచే పొర పెరిగి, అండము విడుదలగు నాటికి సాధారణముగా ఎనిమిదినుండి పండ్రెండు మిల్లీమీటర్లగును. స్కానింగు తెరపై అప్పుడది మూడు గీతలుగా కనబడును. అటుపిమ్మట ప్రొజెస్టిరోన్ అను రెండవ హార్మోను వచ్చి పెరుగుదలను ఆపి, పొరను పిండమునకు అనువుగా మెత్తపరచి, పోషకరసములతో నింపును. అండము విడుదలైన ఆరవ దినమునుండి సుమారు పదియవ దినమువరకు మాత్రమే పిండము అచట అంటుకొనగలదు.

సుశ్రుతుడు గర్భధారణకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగింటిని చెప్పెను. ఈ పొర ఆ క్షేత్రములోని భాగమే. కాని క్షేత్రమను ఉపమానమును మన ఇండ్లలో స్త్రీని నిందించుటకే ఎక్కువగా వాడుకొనినారు. పొలమునకు చవుడు తనంతట తాను పట్టలేదు. ఈ పొర పలుచనగుటకు కారణములలో పెక్కు ఆ స్త్రీ చేసికొనినవి కావు, ఆమెకు జరిగినవి.

కొలత సంగతి కొంత తెలిసికొనుట మంచిది. స్కానింగు పరికరముతో గర్భాశయమును నిలువుగా చూచి, పొర మిక్కిలి మందముగా ఉన్నచోట, ముందు గోడ అంచునుండి వెనుక గోడ అంచువరకు కొలుతురు. అనగా ఎదురెదురుగా ఉన్న రెండు పొరలను కలిపిన అంకె అది. ప్రొజెస్టిరోన్ మొదలుపెట్టు దినమున గాని, అండము విడుదలకు సూది ఇచ్చు దినమున గాని అది 7 మిల్లీమీటర్లకు తక్కువైనచో పలుచనిదని చాలమంది వైద్యులు లెక్కింతురు. కొందరు 8 అందురు. ఒకే స్త్రీని ఒకే దినమున ఇద్దరు కొలిచినచో ఒక మిల్లీమీటరు అటునిటు వచ్చుట వింతకాదు. కావున 6.8 వచ్చినదని ఏడ్చుటయు, 7.1 వచ్చినదని పండుగ చేసికొనుటయు రెండును అనవసరములే.

అయినను ఆ అంకెకు విలువ లేకపోలేదు. కెనడా దేశములో ఇరువదినాలుగు వేలకు పైగా తాజా పిండముల బదిలీలను పరిశీలించి 2018లో ప్రకటించిన లెక్కల ప్రకారము, పొర 8 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని ఉన్నవారిలో నూటికి 33.7 మందికి బిడ్డ పుట్టినది. 5కును 6కును నడుమ ఉన్నవారిలో నూటికి 18.1 మందికి. గడ్డకట్టించి దాచిన పిండములను పెట్టినపుడు 7 మిల్లీమీటర్లకు దిగువననే తగ్గుదల కనబడినది. ఈ లెక్కను రెండు విధముల చదువవచ్చును. పలుచని పొరతో అవకాశము దాదాపు సగమునకు తగ్గినది, నిజమే. కాని నూటికి పదునెనిమిది మంది అట్టి పొరతోనే తల్లులైనారు. ఆ అంకె హెచ్చరిక, తీర్పు కాదు.

పలుచదనము పిండమునకు ఏల చేటు? టొరంటోకు చెందిన రాబర్ట్ కాస్పర్ అను వైద్యుడు 2011లో ఒక ఊహను ముందుంచెను. సన్నని మెలిరక్తనాళములు అడుగుపొరలో ఉండును. పైపొర మందముగా ఉన్నచో పిండము వానికి దూరముగా, ప్రాణవాయువు తక్కువగా ఉన్నచోట కుదురుకొనును, తొలిదశలో దానికి కావలసినది అదియే. పొర పలుచనైనచో పిండము ఆ నాళములకు మిక్కిలి చేరువై, ఎక్కువ ప్రాణవాయువుచే దెబ్బతినునని ఆయన భావము. ఇది పూర్తిగా నిరూపితము కాలేదు గాని, ఆలోచింపదగినది.

ఇక కారణములు. మన దేశమున అన్నిటికంటె ముందు విచారింపవలసినది గర్భసంచి కడిగించిన చరిత్ర. వైద్యులు డి అండ్ సి అందురు. గర్భస్రావమైనపుడు లోపల మిగిలిన దానిని తీయుటకు గాని, అక్కరలేని గర్భమును తొలగించుటకు గాని, కాన్పు తరువాత మాయ ముక్క మిగిలినపుడు గాని, గరిటవంటి పరికరముతో లోపల గీకుదురు. గర్భము వచ్చిన గర్భాశయము మెత్తగా ఉండును. ఆ సమయమున గట్టిగా గీకినచో పైపొరతో ఆగక అడుగుపొరయు లేచివచ్చును. గరికను గడ్డపారతో వేరుతోసహా పెకలించినట్లగును. ఆచోట మరల మొలవదు. మచ్చకట్టి ఎదురెదురు గోడలు ఒకదానితో నొకటి అతుకుకొనును. ముట్టు తగ్గిపోవును, లేదా పూర్తిగా నిలిచిపోవును. జర్మను వైద్యుడు హైన్రిచ్ ఫ్రిచ్ 1894లోనే ఇట్టి దానిని వర్ణించెను. 1948లో జోసెఫ్ ఆషర్మన్ అనేకమంది రోగులను పరీక్షించి సమగ్రముగా వ్రాసినందున దీనికి ఆయన పేరే స్థిరపడినది.

ఈ కారణముచేతనే ప్రపంచ ఆరోగ్యసంస్థ గీకు పద్ధతిని కాలముచెల్లినదిగా పరిగణించి, దానికి బదులు గాలితో పీల్చు పద్ధతిని గాని, మాత్రల పద్ధతిని గాని వాడుమని చెప్పుచున్నది. గర్భస్రావమై ఆసుపత్రికి పోయిన స్త్రీ తరఫున ఆమె ఇంటివారు అడుగదగిన ప్రశ్న ఇది: ‘గీకకుండ వేరు మార్గమేదైనను ఉన్నదా?’ రక్తస్రావము ప్రాణాపాయముగా ఉన్నపుడు వాదించు సమయము కాదు. అట్లు కానిచోట అడుగుటలో తప్పులేదు.

ఇచట ఒక చిక్కున్నది. సంతానచికిత్సకు వచ్చు స్త్రీని డాక్టరు, ‘ఇదివరకెన్నడైన గర్భము నిలిచినదా? కడిగించుకొన్నారా?’ అని అడుగునప్పుడు ఆమె ప్రక్కన భర్తయు, పలుమారులు అత్తగారును కూర్చుండి ఉందురు. వివాహమునకు ముందు జరిగినది గాని, వివాహమైన క్రొత్తలో ‘ఇప్పుడే వద్దు’ అని ఎవరికిని చెప్పక దంపతులిద్దరు చేయించుకొనినది గాని ఆమె అచట చెప్పగలదా? ‘లేదండీ’ అనును. డాక్టరు ఆ మాట నమ్మి హార్మోను మాత్రలు పెంచుచు పోవును. మచ్చకట్టిన చోట మాత్రలు ఎన్ని మ్రింగినను మొలక రాదు. నెలలును, లక్షలును గడచిపోవును. మాకు తెలిసిన మంచి వైద్యులు మొదటి దినముననే కొద్దిసేపు స్త్రీని ఒంటరిగా పిలిచి మాటాడుదురు. పెద్దవారు ఆ సమయమున తమంతట తాము లేచి వెలుపలికి వచ్చినచో, ఏ పండ్లరసము చేయలేని మేలు కోడలికి చేసినవారగుదురు. అచట ఆమె చెప్పిన మాటను రహస్యముగా ఉంచుట వైద్యుని ధర్మము. ఇంటికి వచ్చిన పిమ్మట ‘ఏమడిగినారు?’ అని గ్రుచ్చి గ్రుచ్చి అడుగకుండుట ఇంటివారి ధర్మము.

రెండవ కారణము క్షయ. క్షయ అనగానే దగ్గు, కళ్ళె తోచును. కాని ఊపిరితిత్తులలో ఎన్నడో చిన్నతనమున చేరిన క్రిమి రక్తముద్వారా జననేంద్రియములకును చేరవచ్చును. దగ్గు ఉండదు, జ్వరము తెలియదు. పిల్లలు కలుగకపోవుటయే పెక్కుమందిలో మొదటి లక్షణము. జననేంద్రియ క్షయ ఉన్నవారిలో ట్యూబులు దాదాపు అందరికిని దెబ్బతినును. గర్భాశయపు పొర సగముమందికి పైగా. దీనిని రూఢిచేయుట సులభము కాదు. పొరనుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచుట, క్రిమిని పెంచి చూచుట, జన్యుపరీక్షలు చేయుట – అన్నిటిని కలిపి నిర్ణయింతురు. పి.సి.ఆర్. అను ఒక్క పరీక్షలో క్రిమిజాడ కనబడినంత మాత్రమున ఆరునెలల మందులు మొదలుపెట్టుట సరికాదని నిపుణుల మాట. రూఢియైనచో జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమము క్రింద మందులు ఉచితముగా దొరకును: తొలి రెండునెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగునెలలు మూడు. మధ్యలో మానరాదు. వ్యాధి త్వరగా పట్టుబడినచో పొర కోలుకొనవచ్చును. గర్భాశయము లోపలంతయు మచ్చకట్టిన పిమ్మట క్రిమి చచ్చినను పొర తిరిగి రావడము అరుదు.

మూడవది మందువలన వచ్చునది. అండము పెరుగుటకు దశాబ్దులుగా వాడుచున్న క్లోమిఫిన్ మాత్రకు ఒక విచిత్రగుణమున్నది. అది అండమును పెంచును గాని ఈస్ట్రోజెన్‌ను పొరదగ్గర పనిచేయనీయదు. కొందరిలో పొర పలుచబడును. చీటీ చూపి మందులషాపులో అదే మాత్రను ఆరేడు నెలలు తిరిగి తిరిగి కొని వాడినవారు కలరు. దీనికి విరుగుడు తేలిక: మాత్ర మార్చుటయే. లెట్రొజోల్‌కు ఈ దోషము తక్కువ.

కటిభాగమునకు క్యాన్సరు కిరణచికిత్స జరిగినవారు, గర్భాశయపు గడ్డలకు శస్త్రచికిత్స జరిగినవారు, పొర పలుచగా ఉండుటయే స్వభావమైనవారు – వీరు మరికొందరు. పొరలో చిరకాలము అణగియుండు వాపు ఇంకొక కారణము. దానికి సాధారణముగా వాడు డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబములోనిది. ఆ కుటుంబపు మొదటి మందు 1948లో లెడర్లీ ప్రయోగశాలనుండి వెలువడినప్పుడు అచటి పరిశోధనలకు అధిపతి మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భము కోరు ప్రతి స్త్రీకి ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రవెనుకను ఆయన బృందపు కృషి ఉన్నది. ప్రసంగములో ఇది పిట్టకథయే, కాని చెప్పక పోబుద్ధి కాలేదు.

కారణము తెలియుటకు అన్నిటికంటె నమ్మదగిన పరీక్ష హిస్టెరోస్కోపీ. జనులు ‘కెమెరాతో చూచుట’ అందురు. సన్నని గొట్టము చివర దీపము, కెమెరా అమర్చి గర్భాశయములోనికి పంపి లోపలి గోడలను నేరుగా చూతురు. అతుకులు కనబడినచో అదే సమయమున కత్తిరింతురు. పలుచని, కొద్దిపాటి అతుకులైనచో ఫలితము బాగుండును. గట్టివి, విశాలమైనవి అయినచో కత్తిరించిన తరువాతను మరల అతుకుకొను స్వభావము వానికున్నది. అందుచేత శస్త్రచికిత్స తరువాత కొన్నివారములు ఈస్ట్రోజెన్ ఇత్తురు, కొందరు లోపల చిన్న బుడగను కొన్నిదినములుంచి గోడలను ఎడముగా నిలుపుదురు, ఒకటి రెండు నెలల తరువాత మరల చూతురు. మరల మరల కత్తిరించిన కొలది లాభము తగ్గుచు పోవును.

మచ్చ లేనిచోట మొదటి మందు ఈస్ట్రోజెనే. ఎస్ట్రడయాల్ వాలరేట్ అను మాత్రగా నోటిద్వారా ఇచ్చుట వాడుక. రోజుకు 6 మిల్లీగ్రాములతో సాధారణముగా రెండువారములలో పొర సిద్ధమగును. కానిచో మోతాదు పెంచుటయో, మాత్రను యోనిమార్గమున పెట్టుటయో, చర్మమునకు అంటించు పట్టీ గాని జెల్లు గాని వాడుటయో చేయుదురు. మరియొక ఉపాయము ఓపిక పట్టుట. మూడు నాలుగు వారములవరకు ఈస్ట్రోజెన్‌ను కొనసాగించి చూచుట. దీనికి అదనపు ఖర్చు స్వల్పము, కావుననే కాబోలు దీనిని గూర్చి ప్రకటనలు కనబడవు. అయితే కాళ్ళ నరములలో రక్తము గడ్డకట్టిన చరిత్ర, కాలేయవ్యాధి, రొమ్ముక్యాన్సరు ఉన్నవారికి ఈ మందు అపాయకరము. కనుక పొరుగింటి ఆమె చీటీ చూచి తానును మ్రింగరాదు.

ఈ పొరకు ఈస్ట్రోజెన్ ఎంత వశ్యమో తెలుపు ఉదాహరణము మన గుంటూరులోనే ఉన్నది. 2019 సెప్టెంబరు 5న అచట డెబ్బదినాలుగేండ్ల వృద్ధురాలు శస్త్రచికిత్సద్వారా కవల ఆడపిల్లలను కన్నది. అండము దాతది, గర్భాశయము ఆమెదే. ముట్టు ఉడిగి దశాబ్దులు గడచినను హార్మోనులతో ఆ పొర మేల్కొనినది. అడుగుపొర క్షేమముగా ఉన్నచో వయసు దానికి అడ్డుగోడ కాదని దీనివలన తెలియును. అట్లు చేయదగునా అనునది వేరు మాట. తగదనియే మా అభిప్రాయము. 2021 నాటి చట్టముకూడ ఈ చికిత్సకు స్త్రీకి 21నుండి 50, పురుషునికి 21నుండి 55 ఏండ్ల పరిమితి విధించినది.

పొర సిద్ధము కానప్పుడు పిండమును ఏమి చేయుట? గడ్డకట్టించి దాచుటయే నేటి పద్ధతి. దీనిని మొట్టమొదట ఆలోచించినవారిలో మన దేశీయుడొకడు ఉన్నాడని చాలమందికి తెలియదు. 1978లో కలకత్తా వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయ, అండములను పెంచుటకు ఇచ్చిన మందులవలన ఆ నెలలో గర్భాశయము పిండమునకు అనువుగా ఉండదని తలచి, పిండమును 53 దినములు గడ్డకట్టించి ఉంచి, వేరొక ఋతుచక్రములో గర్భాశయమున ప్రవేశపెట్టెను. ఆ సంవత్సరము అక్టోబరు 3న ఆడుబిడ్డ పుట్టెను. ఇంగ్లండులో లూయీస్ బ్రౌన్ జననమునకు అరువదియేడు దినములు దాటి మూడుదినములు మాత్రమే. ప్రభుత్వము నియమించిన సంఘము ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. 1986లో బొంబాయిలో పుట్టిన శిశువే దేశములో మొదటి టెస్ట్‌ట్యూబు బిడ్డ అని లోకము లెక్కించినది. ఆ కార్యమున పాలుపంచుకొనిన టి.సి. ఆనందకుమారుగారే 1997లో ముఖోపాధ్యాయగారి వ్రాతలను చదివి, మొదటివాడు ఆయనయేనని ప్రకటించిరి.

చట్టము ప్రకారము పిండములను పదియేండ్లవరకు దాచవచ్చును. కావున ‘ఈ నెల పెట్టలేము’ అను మాటకు ‘పిండము పోయినది’ అని అర్థము కాదు. భర్త సెలవు ముగిసినను, సమ్మతిపత్రములు ముందే సక్రమముగా ఉన్నచో, దాచిన పిండమును పెట్టుటకు పొర సిద్ధమగువరకు వేచియుండవచ్చును. మాత్రలతో పెరుగని పొర కొందరిలో ఏ మందును లేని సహజచక్రమున తమ సొంత అండము చేయు ఈస్ట్రోజెన్‌తో పెరుగును. అదియు ఒకసారి చూడదగినదే.

ఇంతవరకు చెప్పినవి నిలకడగల నేలపై ఉన్న సంగతులు. ఇకమీదివి అట్టివి కావు. లైనింగు పెరుగలేదనగానే కొన్నిచోట్ల వరుసగా ఒకటి తరువాత ఒకటి సూచింతురు. ఆస్పిరిన్ స్వల్పమోతాదు, దానివలన పొర పెరుగునని రుజువు లేదు. పురుషుల మాత్రగా పేరుపడిన సిల్డెనాఫిల్‌ను భార్యకు వ్రాసినచో ఇంటిల్లిపాది తెల్లబోవుట సహజము. రక్తప్రసారమును హెచ్చించునను ఆశతో దానిని వాడుదురు. 2000 సంవత్సరములో దానిని గూర్చి మొదట ప్రకటించినది నలుగురు స్త్రీల అనుభవము. 2011లో న్యూయార్కునుండి వచ్చిన జి-సి.ఎస్.ఎఫ్. అను మందు వార్తయు నలుగురిదే. స్త్రీ రక్తమునుండియే ప్లేట్‌లెట్లను తీసి గర్భాశయములో పోయు పి.ఆర్.పి. పద్ధతిని 2015లో చైనావారు ప్రకటించినది ఐదుగురిపై. అదే 2011లో అహమ్మదాబాదు వైద్యులు మూలకణములతో పొరను పెంచినట్లు ప్రకటించినది ఒక్క స్త్రీ విషయమున.

ఇవి మోసములని మేము అనుటలేదు. గొప్ప చికిత్సలు కొన్ని ఇట్లే మొదలైనవి. కాని నలుగురిలో పొర పెరిగినదన్నచో, ఏమియు చేయక మరొక నెల వేచినను వారిలో ఎందరికి పెరిగియుండెడిది అను ప్రశ్న మిగిలియుండును. తరువాత జరిగిన పరీక్షలలో కొన్ని లాభమున్నదనియు, కొన్ని లేదనియు చెప్పినవి. ఐరోపా సంతానశాస్త్రవేత్తల సంఘము 2023లో ఇట్టి అదనపు చికిత్సలను పరిశీలించి, జి-సి.ఎస్.ఎఫ్.ను గాని, గర్భాశయములో పి.ఆర్.పి.ని గాని నిత్యవాడుకకు సిఫారసు చేయలేమని చెప్పినది. మూలకణములు ఇంకను పరిశోధనలోనే ఉన్నవి. అందుచేత ఎవరైన ‘పి.ఆర్.పి. చేసినచో తప్పక పెరుగును’ అని పలికినచో ఆ ‘తప్పక’ అను మాటవద్ద ఆగి, దానికెంత ఖర్చు, చేయకున్న ఏమగును అని అడుగవలెను. అన్ని మార్గములు ముగిసిన తరువాత, తెలిసి తెలిసి ప్రయత్నించుట ఒకటి. కెమెరా పరీక్షయైన చేయక మొదటి నెలనే డబ్బు పోయుట మరొకటి.

ఇక తిరుమలగిరి అత్తగారు అడిగిన తిండి సంగతి. దానిమ్మ, బీట్‌రూటు, ఖర్జూరము – అన్నియు మంచి ఆహారములే. రక్తహీనత ఉన్నచో దానికి చికిత్సయు చేయించవలెను. కాని ఏ పండును పొరను ఇన్ని మిల్లీమీటర్లు పెంచునని నిరూపింపబడలేదు. ఇష్టమైనచో పెట్టవచ్చును, ‘ఇంత పెట్టినను నీకు పెరుగలేదేమి’ అని అనకుండినచో చాలును.

ఖర్చు మాట చెప్పక తప్పదు. ప్రైవేటు ఆసుపత్రులలో ఒక్క పర్యాయమునకు లక్షకు మించియే అగుచున్నది. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వపు సంతానసాఫల్య కేంద్రము 2023లో ప్రారంభమైనది. అచట ఏయే సేవలు ఏయే దినములలో లభించునో ముందుగా విచారించుకొని పోవుట మేలు. ప్రైవేటు కేంద్రమునకు పోవువారు 2021 చట్టము క్రింద దానికి రిజిస్ట్రేషన్ ఉన్నదా అని చూడవలెను. ఇది లాంఛనము కాదు. 2025 జూలైలో సికింద్రాబాదులోని ఒక కేంద్రముపై పోలీసులు కేసు పెట్టిరి. అద్దెగర్భమున పుట్టిన తమ బిడ్డ అని నమ్మించి ఇచ్చిన శిశువు డి.ఎన్.ఏ. పరీక్షలో తమది కాదని తేలినదని ఒక దంపతుల ఫిర్యాదు.

అద్దెగర్భము మాట వచ్చినది కనుక దానినిగూర్చి కొంచెము. ఎంత చేసినను పొర పెరుగని వారికి చట్టము ఆ దారిని మూయలేదు. 2022లో వచ్చిన సరోగసీ నియమములలో, ఏ స్థితులలో మరొక స్త్రీ గర్భమును ఆశ్రయింపవచ్చునో చెప్పుచు, గర్భాశయము లేనివారితోను, లోపల అతుకులు ఉన్నవారితోను పాటు పలుచని ఎండోమెట్రియము ఉన్నవారిని పేరుపెట్టి పేర్కొనినారు. భార్యకు 23నుండి 50, భర్తకు 26నుండి 55 ఏండ్లు ఉండవలెను. గర్భము మోయు స్త్రీ వివాహితయై, తనకొక బిడ్డ గలదై, 25నుండి 35 ఏండ్ల లోపలిదై ఉండవలెను. వైద్యపు ఖర్చు, భీమా తప్ప ఆమెకు ప్రతిఫలము ఇయ్యరాదు. జీవితములో ఒక్కసారియే ఆమె అట్లు చేయవచ్చును. ఈ దారిన పోవుటకు జిల్లా వైద్యమండలి ఇచ్చు ధ్రువపత్రము కావలెను. మండలివారు పొర కొలతలున్న పాత స్కానింగు కాగితములను, కెమెరా పరీక్ష నివేదికను, వాడిన మందుల చీటీలను అడుగుదురు. ఫలించని నెలల కాగితములని వానిని పారవేయక, తేదీల వరుసను కట్టగట్టి దాచుకొనవలెను.